చుక్కాని పట్టినవాడి మాట

బావగారికి,

మీ నాన్నగారి తెరచాప పడవ మళ్లీ నీళ్లలోకి దిగింది. మూడు శీతాకాలాలు కొట్టంలో వణుక్కుంటూ మీ తమ్ముడే చెక్కచెక్కా బాగుచేశారు. మొన్న ఆదివారం నన్నూ, మా అమ్మాయి థియానూ ఎక్కించుకుని సముద్రంలోకి తీసుకెళ్లారు.

మీ ఇంటి పద్ధతి మీకు తెలుసుగా. చుక్కాని పట్టినవాడు "తిప్పుతున్నా" అనేదాకా ఎవరూ తెరచాప తాడు ముట్టుకోకూడదు. రాళ్లగుట్ట దగ్గరికొచ్చేస్తోంది. మేమిద్దరం ఆ మాట కోసమే చూస్తూ కూర్చున్నాం. ఆయన తన చేతిలోని చుక్కాని వంక చూసి, "దీన్నెటు తొయ్యాలి?" అన్నారు.

"వేళాకోళం చాలు నాన్నా," అంది థియా.

ఆయన నవ్వలేదు.

దగ్గర్లో లాబ్‌స్టర్లు పట్టే బోనులు ఎత్తుతున్న జాలరి మెర్ల్ మా పడవకి తాడు కట్టి లాక్కొచ్చాడు. "పడవ బాగుచేశావు గానీ నడపడం మర్చిపోయావురా ఎల్డెన్," అన్నాడు మీ తమ్ముడితో. రేవులో అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు.

ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ, "మనం పడవ మొదటిసారి ఎప్పుడు తీద్దాం?" అని అడిగారు. "మీ అన్నయ్య వచ్చాక," అన్నాను. సంతోషంగా ఒప్పుకున్నారు. మీరు రాకుండా రేవులో పడవ కట్టిన తాడు విప్పనని మాట కూడా ఇచ్చారు.

అందుకని, బావగారూ, ఈ వేసవికి మీరు రావద్దు.

మీ మరదలు