కొత్త కమిటీ మొదటి పని

యాన్బు (సౌదీ), శుక్రవారం

మా తెలుగు సంఘానికి మల్లేశన్న కొత్త అధ్యక్షుడిగా గెలిచి వారమైంది. ఈరోజు మొదటి మీటింగు సన్మానం కోసమని పెట్టుకున్నాం. కానీ నిన్న జగిత్యాల మేస్త్రీ గంగారాం నేను పనిచేసే ఆసుపత్రిలోనే గుండె ఆగి చనిపోయాడు. శవాన్ని ఇంటికి పంపాలంటే ఏ కాగితాలు కావాలో మా కమిటీలో ఒక్కరికీ తెలియదు. కార్యదర్శి, ఉపాధ్యక్షుడు మాత్రం అతన్ని పనికి పెట్టుకున్న సౌదీ యజమాని, కఫీల్ దగ్గరికి ఎవరు వెళ్లాలని గంటసేపు అరుచుకున్నారు.

మధ్యలో గంగారాం భార్య ఫోన్ చేసింది.

"ఎప్పుడు తోలిస్తరు సారూ?"

కనుక్కొని చెప్తానన్నాడు మల్లేశన్న. ఆమె ఫోన్ పెట్టేశాక, మేం ఓడించిన పాత అధ్యక్షుడు రాజన్నకు అందరి ముందే స్పీకర్‌లో ఫోన్ కలిపాడు.

"అన్నా, నాకేం తెల్వది. జర రావా?"

"పొద్దుగాల్నే కఫీల్‌తోని సంతకం వెట్టించిన. ఇంటోళ్లు ఒప్పుకున్నట్టు కాగితం ఒక్కటే రావాలె. గంగారాం భార్యతోని నువ్వు మాట్లాడు."

మల్లేశన్న వెంటనే ఆమెకు ఫోన్ చేశాడు.

రాజన్నకు ఏమీ చేతకాదని ఎన్నికలప్పుడు ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. రేపు మార్చురీ కాగితాల కోసం అతను మా ఆసుపత్రికే వస్తాడు. ఏమని పలకరించాలో...