నాయన తరఫున చెప్పిన ఇంగ్లీషు

తూపిలిపాళెం,
నవంబరు 1961.

విశాఖపట్నం హార్బరులో పనిచేస్తున్న మా అన్న గంగాధరానికి చెల్లెలు మస్తానమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నామని రాయమని నాయన పక్కనే కూర్చుని చెబుతున్నాడు. రాశాను. ఆయనకు చదువు రాదు కనుక మిగతాది నా ఇష్టం.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. అమ్మకు దగ్గు తగ్గింది. నువ్వు పంపిన ఇంగ్లీషు వాక్యాలు రోజూ చదువుతున్నాను. ఇప్పుడు చేతనైనదానికి కెన్, ఒకప్పుడు చేతనైనదానికి కుడ్, ఏదో ఒక్కసారి కష్టపడి నెగ్గుకొచ్చినదానికి వాజ్ ఏబుల్ టు. నిరుడు గాలివానలో నాయన పడవను ఒడ్డుకు తెచ్చాడే, దానికి కుడ్ అని రాస్తే ఎర్రసిరాతో దిద్దావు. ఇక ఆ తప్పు చేయనులే.

కిందటి ఉత్తరం అడుగున నాయన ఎప్పుడూ గీసే పడవ బొమ్మ ఎందుకు లేదని అడిగావు. ఎట్లా రాయను అన్నా? నాయనకు కుడిచెయ్యి లేదు. మోచేతి పైదాకా తీసేశారు.

వలలోంచి జెల్ల చేపను విడిపిస్తుంటే దాని ముల్లు చేతిలో దిగింది. ఆకు పసరు కట్టుకుని మళ్ళీ వేటకు పోయాడు, మొండి మనిషి! నెల్లూరు ఆస్పత్రికి చేర్చేసరికి చెయ్యి నల్లబడింది. తెలుగు తెలిసిన నర్సమ్మ ఆ పూట లేదు. దొరసాని డాక్టరమ్మ నన్నే అడిగింది, వేళ్ళు కదిలించగలడా అని. కదిలిస్తే మర్నాటిదాకా చూస్తుందట. లేకుంటే వెంటనే తీసేయాలి, ఆలస్యమైతే మనిషి దక్కడు అంది.

నాయన ఎడమచేత్తో నా ఓణీ చెంగు పట్టుకున్నాడు. "ఆడతా ఉండాయని చెప్పు పాపా. చెయ్యి పోతే తెడ్డు పట్టేదెట్లా? నీకు దండం పెడతా" అన్నాడు.

ఆ వేళ్ళు ముందురోజు నుంచే కదలడం లేదు. "హీ కెనాట్" అన్నాను. నువ్వు నేర్పినట్టే, తప్పు లేకుండా చెప్పాను.

నాయన బతికాడు. బతికి ఏం సుఖం? పొద్దున పడవలు కదిలే వేళకు గోడవైపు తిరిగి పడుకుంటాడు. "నా చెయ్యి తియ్యమన్నోళ్ళ మొగం ఈ జన్మలో చూడను" అంటాడు. చూడవచ్చిన వాళ్ళతో మాత్రం, "మా పాప నా తరఫున ఇంగిలీసులో ఎంతో చెప్పింది. ఆయమ్మే ఇనలేదు" అని గొప్పగా చెబుతాడు. అది వింటుంటే నాకు సముద్రంలో పడిపోదామనిపిస్తుంది. నీకూ అదే రాయమన్నాడు. నిజం నీ ఒక్కడికే చెప్పాను. ఆయనకు చెప్పమంటావా, వద్దంటావా? నాకైతే ధైర్యం లేదన్నా.

"నేను చెప్పిందంతా రాసినావా?" అని ఇప్పుడు అడుగుతున్నాడు. రాశానన్నాను. కలం ఇమ్మంటున్నాడు. ఎడమచేత్తో అయినా పడవ గీస్తాడట. "నా గుర్తు ఉంటేనే వాడు నమ్మేది" అంటున్నాడు.

ఇట్లు,
నాయన పక్కనే కూర్చున్న నీ చెల్లెలు
మస్తానమ్మ