సిఫారసు కవరు విప్పినందుకు

ఫరీదాబాద్,
9 మార్చి 2006.

శ్రీ సదాశివరావు గారికి,
సెక్షన్ ఆఫీసరు, విద్యార్థుల వేసవి పరిశోధన పథకం కార్యాలయం, న్యూఢిల్లీ.

అయ్యా,

విషయం: బి.ఎస్సీ. ఫిజిక్స్ రెండవ సంవత్సరం విద్యార్థిని కుమారి కె. అనుగ్రహ దరఖాస్తును "సిఫారసు కవరు సీలు చెదిరినది" అన్న కారణంతో తిరస్కరించుట – పునఃపరిశీలన కోరుట – గురించి.

సదరు విద్యార్థిని తండ్రినైన కె. జక్కయ్య, ఎక్స్‌రే టెక్నీషియన్, తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. ఈ విషయమై నేను తమ కార్యాలయానికి మూడుసార్లు వచ్చి ఉన్నాను. మొదటిసారి కిటికీ దగ్గర కూర్చున్నాయన రెండో అంతస్తుకు పొమ్మన్నాడు. రెండోసారి ఆ అంతస్తులో లంచ్ నడుస్తోంది, నా డ్యూటీ వేళ అయ్యేదాకా నడుస్తూనే ఉంది. మూడోసారి ఒక తలుపు మీద తమ పేరు కనిపించింది. మన తెలుగువారేనని ప్రాణం లేచివచ్చింది గాని లోపలికి రానివ్వలేదు. అందుచేత రాసుకుంటున్నాను. ఇంగ్లీషులో టైపు చేయించిన అర్జీ కూడా దీనితో జతపరచడమైనది. అందులో సీలు టపాలో ఊడిపోయిందని ఉంది. టైపిస్టు అలా రాస్తేనే నిలుస్తుందన్నాడు. అది ఫైలుకు, ఇది తమకు. నిజం ఇందులో ఉంది.

2. తమ పథకం క్రింద ఎంపికైన పిల్లలు వేసవిలో ఎనిమిది వారాలు బెంగుళూరులో ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చును. రెండో సంవత్సరం వారికే అర్హత. వచ్చే ఏడు మా అమ్మాయి మూడో సంవత్సరం, కనుక అర్హురాలు కాదు. మిగతా పథకాల కాగితాలు కూడా తెప్పించి చూశాము. రెండింటిలో లోగడ పరిశోధన చేసినట్టు ధ్రువపత్రం జతచేయమన్నారు. లోగడ చేయాలంటే ఎవరో ఒకరు ముందు చేయనివ్వాలి కదండీ. ఒక పోటీ ఉంది, దానికి కాలేజీ ఇద్దరినే పంపుతుంది, ఆ ఇద్దరూ మార్కుల్లో మొదటివాళ్లు. మా అమ్మాయిది పదకొండో స్థానం. అంటే తమ తలుపు మూస్తే ఆమెకు ఇంకో తలుపు లేదు. ఇది బెదిరింపుగా రాయడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

3. పదకొండో స్థానం పిల్లకు పరిశోధన ఎందుకని తమరు అనుకోవచ్చు. మా డార్క్‌రూములో పాడైన ఫిల్ములు పారేస్తాము. రెండేళ్ల క్రితం ఆమె వాటిని అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఢిల్లీ లజపత్ రాయ్ మార్కెట్లో చిన్న లైటు సెన్సారు కొనుక్కొని, టార్చి వెలుగు ఏ ఫిల్ములోంచి ఎంత దాటుతుందో కొలవడం మొదలుపెట్టింది. బాగా నల్లబడ్డ ఫిల్ముల దగ్గర లెక్క పుస్తకంతో కలవలేదు. నేనైతే వదిలేసేవాణ్ణి. ఆమె సెన్సారు మార్చింది, టార్చి మార్చింది, చివరికి వంటింటి కిటికీకి దుప్పటి కట్టి వాళ్లమ్మ చేత అన్నం హాల్లో వండించింది. లెక్క ఇప్పటికీ కలవలేదు. ఎందుకు కలవలేదో తెలుసుకోవాలన్నదే ఆమె దరఖాస్తులో రాసిన ఒక పేజీ. ఆ పేజీ చదివారా అని కిటికీ దగ్గర అడిగితే, సీలు చెదిరిన దరఖాస్తులు చదివే పద్ధతి లేదన్నారు.

4. సీలు సంగతి. ఫరీదాబాద్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక స్కూలు హాల్లో కూడుతుంది. మాలో సగం మంది ఆసుపత్రి వాళ్లమే, నా భార్య సరళకుమారి కూడా స్టాఫ్ నర్సు. మా వాళ్లు ఏ దరఖాస్తు పంపినా ముందు దాన్ని బల్ల మీద బైబిలు పక్కన పెట్టి ప్రార్థన చేయిస్తాము. గల్ఫ్ నర్సు ఉద్యోగమైనా, ఇంటికి బ్యాంకు అప్పైనా అంతే. ఊరికే ప్రార్థించరు. కాగితంలో ఉన్నది పైకి చదివి, తెలుగులో చెప్పి, దేనికోసమో అందరికీ తెలిసాక ప్రార్థిస్తారు. ఇన్నేళ్లలో మూసిన కవరు ఎవరూ తేలేదు. జనవరి 22 ఆదివారం, కాలేజీ ప్రొఫెసరు సీలు చేసి ఇచ్చిన సిఫారసు కవరు నేను తెచ్చాను, అమ్మాయికి చెప్పకుండా. ఆమె పక్క గదిలో పిల్లలకు సండేస్కూలు చెబుతోంది. సంఘపెద్ద నథానియేలు గారు కవరు తిప్పి చూసి, "మూసిపెడితే దేనికోసమని దేవుణ్ణి అడగమంటావు? చదువు జక్కయ్యా," అన్నారు. తప్పు ఆయన మీద నెట్టడం లేదు. అందులో నా బిడ్డ గురించి ఏం రాశారో వినాలని ఆయన కంటే నాకే ఎక్కువ ఆశ. విప్పాను.

5. ప్రొఫెసరు గారు రాసింది నాలుగు వరుసలు. హాజరు సక్రమం, ప్రవర్తన సంతృప్తికరం, పరిశోధన సామర్థ్యం గురించి తెలుసుకునే సందర్భం తనకు కలగలేదు, శుభాకాంక్షలు. పేరు లేదు, రోల్ నంబరు ఉంది. ఒకచోట 'ఆమె' అనవలసింది 'అతను' అని ఉంది. ఆయనను తప్పుపట్టను. డెబ్భై మంది క్లాసు, మా అమ్మాయి నోరు విప్పదు. ఆ ఉత్తరం కోసం నాలుగు రోజులు షటిల్ రైల్లో ముందుగా వెళ్లి స్టాఫ్‌రూము బయట నిలబడిందే గాని తన ఫిల్ముల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

నలభై మంది నా ముఖం చూస్తున్నారు. నేను కాగితం మీదనుంచి కళ్లెత్తకుండా తెలుగులో చెప్పాను. "ఈ అమ్మాయి లెక్క తప్పినప్పుడు పుస్తకంలో జవాబు చూసి దిద్దుకోదు. ఎందుకు తప్పిందా అని మళ్లీ కొలుస్తుంది. ఇటువంటి విద్యార్థిని నా సర్వీసులో చూడలేదు." అందరూ స్తోత్రం అన్నారు. సరళ కళ్లు తుడుచుకుంది. తలెత్తితే గుమ్మంలో అనుగ్రహ. ఎప్పుడొచ్చిందో తెలియదు.

6. కవరు విప్పినందుకు అరుస్తుందనుకున్నాను. ఆమెకు తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడేది హిందీ. "సచ్ మే, డాడీ? సర్ నే యే లిఖా?" అంది. నిజంగా సారు ఇది రాశారా అని. రాశారన్నాను. కాగితం చేతికివ్వబోయినట్టు నటించాను కూడా. తీసుకోలేదు, రహస్యంగా ఉంచవలసిన ఉత్తరం తను చదవకూడదంది. రూలు తెలిసిన పిల్ల కనుక, సారు దగ్గర ఇంకో ఉత్తరం తెచ్చుకుంటానని కూడా అంది. నేను వద్దన్నాను. జిగురు రాసి, ఫ్లాపు మీద సారు చేసిన సంతకం గీతలు కలిపి అంటించాను. ఎముకలు సూటిగా నిలబెట్టి ఫిల్ము తీసేవాణ్ణి, అర వెంట్రుక తేడా రాకుండా అంటించగలననుకున్నాను. తమవారు పట్టుకున్నారు.

ఆ ఆదివారం నుంచి మా అమ్మాయి క్లాసులో మొదటి బెంచీలో కూర్చుంటోంది. చేయెత్తి ప్రశ్నలు అడుగుతోందట. నేను చెప్పినదాంట్లో ఆమె గురించి అబద్ధం ఏదీ లేదు. అది రాసింది సారు కాదు, అంతే. తమ తిరస్కరణ చీటీ వచ్చిన సోమవారం కూడా ఆమె ఏడవలేదు. "నా తప్పేం లేదు కదా, కవరుదే కదా," అని హిందీలో అని అన్నం తింది. నాతో మాట్లాడటం మాత్రం మానేసింది.

కావున తమరు దయయుంచి,

(అ) కవరును పక్కనబెట్టి, ఆమె రాసిన ఒక్క పేజీని ఫిజిక్స్ తెలిసినవారి చేత చదివించవలెననియు,

(ఆ) సిఫారసు లేనిదే కుదరదంటే, తండ్రి సిఫారసు చెల్లదని తెలిసీ, పైన ఐదవ అంశంలో నేను చెప్పిన మూడు వాక్యాలను ఇరవై ఏళ్లుగా ఆమెను చూస్తున్నవాడి మాటగా పరిగణించవలెననియు,

కోరుచున్నాను. రెండూ జరగవని నాకు తెలియును. తెలిసీ అడిగినందుకు క్షమించి, తీరిక చూసుకొని ఒక్కసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. జక్కయ్య

తా.క.: ఈ అర్జీ కవరులో పెడుతుండగా తిరస్కరణ చీటీ వెనకవైపు చూశాను. "జతపరచిన పత్రములన్నీ నెలాఖరులోగా విద్యార్థి చిరునామాకు తిరిగి పంపబడును" అని అచ్చువేసి ఉంది. ప్రొఫెసరు గారి ఆ నాలుగు వరుసల ఉత్తరం కూడా అందులో ఉంటుంది కదా సార్. పైన అడిగినవి ఏవీ చేయవద్దు. సీటు వద్దు, పేజీ కూడా ఎవరూ చదవక్కర్లేదు. సీలు చెదిరినందుకే తిరస్కరించాం అన్న మాట అలాగే ఉంచండి, ఆ నేరం నాది, మోస్తాను. ఉత్తరం మాత్రం మా ఇంటికి పంపకండి. చింపేయండి, లేదా నా పేరున ఆసుపత్రి ఎక్స్‌రే విభాగానికి పంపండి. మా ఇంట్లో టపా ముందుగా తీసేది అమ్మాయే.