నాలుగంకెల తాళం

2024 సెప్టెంబరు 4, బుధవారం

జమ్మలమడుగు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ రోజు వేలిముద్ర వేశాను. రెండు గదులు, వంటిల్లు, ముందర చిన్న వసారా. నాగలత అనే పేరు మీద. నాకు నలభై ఆరేళ్లు. ఇన్నాళ్లకు నాదని చెప్పుకోడానికి ఒక గోడ ఉంది.

ప్రొద్దుటూరులో మా ఆయన రామమోహన్ బట్టల షాపులో ఇరవై రెండేళ్లుగా చీరలు పరుస్తున్నాను, మడుస్తున్నాను. బోర్డు మీద మా మామగారి పేరు. బిల్లు మీద మా ఆయన పేరు. అమ్మ పోయాక నా వాటాకు వచ్చిన డబ్బు కూడా షాపులోనే పెట్టమన్నాడు. పెట్టనన్నాను. పెళ్లయ్యాక ఆయన మాట కాదనడం అదే మొదలు. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సెప్టెంబరు 22

నెల బాడుగకు ఇస్తే ఐదు వేల ఐదు వందలు వస్తుందని బ్రోకర్ చెప్పాడు. గండికోట చూడ్డానికి బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు ఒక రాత్రికి పద్దెనిమిది వందల లెక్కన ఇవ్వొచ్చని యూట్యూబ్‌లో ఒకమ్మాయి చెప్పింది. కోట మా ఇంటి నుంచి అరగంట. శని, ఆదివారాలు నిండితే చాలు.

మా ఆయన నవ్వాడు. లోయ చూడ్డానికి వచ్చేవాళ్లు టెంట్ వేసుకుని రాళ్ల మీద పడుకుంటారు, నీ ఇంటికెందుకు వస్తారన్నాడు. బాత్‌రూమ్ కోసం వస్తారన్నాను.

అక్టోబరు 13

గీజర్, ఇన్వర్టర్, ఒక గదికి ఏసీ. పాత తలుపుకు చెదలు పట్టింది. తీయించి టేకు తలుపు పెట్టించాను. ఆ ఇంట్లో అవసరం కోసం కాకుండా మనసుపడి చేయించింది అదొక్కటే. వడ్రంగి పాలిష్ పెడుతుంటే పక్కనే నిలబడి చూశాను.

తలుపుకు నంబర్ల తాళం. నేను ప్రొద్దుటూరులో ఉంటే గెస్టులకు తాళంచెవి ఎవరిస్తారు? నాలుగంకెలు మెసేజ్ పెడితే సరి.

శుభ్రం చేయడానికి, టిఫిన్ చేసి పెట్టడానికి పక్కింటి హజరాబీ ఒప్పుకుంది. యాభై దాటిన మనిషి. గట్టి మనిషి. నేను తెచ్చిన తెల్ల దుప్పట్లు చూసి, "నల్లమట్టి తొక్కి వచ్చేటోళ్లకు తెల్లగుడ్డలేందమ్మా? ఎవురు ఉతకల్ల?" అంది. గదులు బుక్ చేసుకునే యాప్‌లో ఫొటోలకు తెల్లవే బాగుంటాయన్నాను. "ఫొటోలో పండుకుంటారా?" అంది.

నవంబరు 2

యాప్‌లో ఇంటి లిస్టింగ్ లైవ్ అయింది. 'హోస్ట్: నాగలత.' పదిసార్లు తెరిచి చూసుకున్నాను.

నవంబరు 17

మొదటి గెస్టులు వెళ్లిపోయారు. బెంగళూరు కుర్రాళ్లు నలుగురు. తలగడ మీద నూనె మరక, బకెట్ పగిలింది. రివ్యూలో ఐదు స్టార్లు. 'నాగలత మేడమ్ వెరీ రెస్పాన్సివ్' అని రాశారు. ఈ మాట మా ఆయనకు వినబడేలా చదివాను. ఆయన టీవీ సౌండ్ తగ్గించలేదు.

డిసెంబరు 24

ఈ నెలలో పదకొండు రాత్రులు నిండాయి. ఆరు రివ్యూల్లో హజరాబీ చేసిన ఉగ్గాని, బజ్జీ గురించే ఉంది.

ఈ రోజు మా ఆయన ఎవరితోనో ఫోన్‌లో "మా హోమ్‌స్టే" అంటున్నాడు. మా.

2025 మే 19

నలభై నాలుగు డిగ్రీలు. ఒక్క బుకింగ్ లేదు.

జూలై 8, మంగళవారం

బుకింగ్ వచ్చింది. ఏడు రాత్రులు, ఇద్దరు. అందరి ఆధార్ తీసి పెట్టుకోమని పోలీస్ స్టేషన్‌లో చెప్పారు కాబట్టి అడిగాను. వెంటనే పంపారు. పవన్‌కుమార్, ఇరవై ఐదు. మేఘన, ఇరవై మూడు. ఇద్దరిదీ పులివెందుల.

పులివెందుల నుంచి వచ్చి గండికోట చూడ్డానికి ఎవరూ వారం రోజులు ఉండరు. నాకు అర్థమైంది. మే ఖాళీ, జూన్ ఖాళీ. ఓకే నొక్కాను. కోడ్ పంపాను.

జూలై 10

ఏసీ నీళ్లు కారుతోందంటే మెకానిక్‌ను తీసుకుని వెళ్లాను. ఆ పిల్లే కాఫీ పెట్టిచ్చింది. నర్సింగ్ పాసైందట. పెళ్లి రిజిస్టర్ చేయించుకోవాలి, పవన్ మామ వచ్చి సాక్షి సంతకం పెడతానన్నాడు, ఆయన కోసం చూస్తున్నామంది. ఆ అబ్బాయి మాత్రం వీధిలో బైక్ ఆగినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్లొస్తున్నాడు.

నేను బయల్దేరుతుంటే మేఘన వాకిట్లోకి వచ్చింది. "ఈ ఇల్లు మీ పేరు మీదనేనా అక్కా? మీ సొంతంగా కొన్నారా?" అని అడిగింది. అవునన్నాను. తలుపు మీద చెయ్యి పెట్టి, "శానా బాగుండాది" అంది.

ఇల్లు కొని పది నెలలైంది. ఆ మాట నన్నడిగినవాళ్లు లేరు.

జూలై 11, మధ్యాహ్నం 3

చెన్నకేశవ వచ్చాడు. పులివెందులలో పెద్ద మనిషి. వాళ్లింట్లో ఏ పెళ్లయినా పాతికేళ్లుగా చీరలు మా షాపులోనే. కౌంటర్ ముందు కూర్చుని కాఫీ వద్దన్నాడు. ఫోన్‌లో ఫొటో చూపించాడు. మేఘన.

"మా అన్న కూతురమ్మా. మూడు దినాలాయ. జమ్మలమడుగు బస్సెక్కిందని కండక్టర్ చెప్పినాడు. నువ్వు ఆడ రూములిస్తాండావంట గదా. ఉంటే చెప్పు."

నేను ఫొటో వైపే చూస్తూ ఉన్నాను. ఆయన గొంతు పెంచలేదు. "కొట్టం, తిట్టం. మాట్లాడి పిల్చుకపోతాం, అంతే. మా అన్న అన్నం ముట్టల్యా."

మా ఆయన నా వైపు చూశాడు. "అంత పెద్దాయన అడుగుతాంటే ఏంది లతా ఆలోచన? చెప్పు" అన్నాడు.

ఫోన్ తీసి ఆధార్ కార్డు చూపించాను. ఇంటి లొకేషన్ పంపాను. చెన్నకేశవ లేచి మెట్లు దిగాడు. నేను కౌంటర్ దాటి ఆయన వెనకే వెళ్లాను. తలుపు నంబరు చెప్పాను.

ఆయన అడగలేదు. నేనే చెప్పాను. తలుపు పగలగొడతారేమోనని.

సాయంత్రం 6

హజరాబీ ఫోన్ చేసింది. రెండు కార్లలో వచ్చారట. తలుపు తట్టలేదట, నంబరు నొక్కి నేరుగా లోపలికి పోయారట. "నంబరు ఎవురిచ్చినారమ్మా?" అంది.

ఫోన్ పెట్టేశాను.

జూలై 12

మొదటి బస్సుకే వెళ్లాను. తలుపు మీద గీత కూడా లేదు. లోపల కుక్కర్‌లో సగం ఉడికిన అన్నం. ఆడపిల్ల చెప్పు ఒకటి మంచం కింద, ఒకటి వసారాలో.

హజరాబీ కుడిచేతికి కట్టు ఉంది. ఆ పిల్లకు అడ్డం నిలబడితే ఎవరో గోడకు తోశారట. మణికట్టు ఎముక చిట్లింది. అబ్బాయి పెరటి గోడ దూకి పారిపోయాడు. మేఘన అరవలేదట. "నంబరు ఎట్ల తెలిసె అని అడిగింది. కారెక్కిస్తాంటే గూడా అదే అడిగింది. వాళ్లెవురూ చెప్పల్యా" అంది హజరాబీ.

తర్వాత నా మొహం చూసింది. చీపురు, ఫినాయిల్ డబ్బా, మిగిలిన సబ్బులు తెచ్చి వసారాలో పెట్టింది. ఆసుపత్రి ఖర్చు ఇవ్వబోయాను. నా చేతి వైపు చూడకుండా వాళ్లింట్లోకి పోయి తలుపు వేసుకుంది.

జూలై 14

యాప్ నుంచి మెసేజ్. మీ గెస్టులకు రేటింగ్ ఇవ్వండి. శుభ్రత. ఇంటి నియమాలు పాటించడం. హోస్ట్‌తో మాటతీరు.

అన్నిటికీ ఐదు ఇచ్చాను. ఇచ్చాక స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపు కూర్చున్నాను.

జూలై 27

లిస్టింగ్ తీసేస్తానని రోజూ అనుకుంటున్నాను. తీయలేదు. నిన్న హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఉగ్గాని చేసే ఆమె లేదా అని అడిగారు. ఊరెళ్లిందన్నాను. పక్కింట్లో ఆమె దగ్గు వినిపిస్తూనే ఉంది. దుప్పట్లు నేనే ఉతికాను.

ఆగస్టు 6, బుధవారం

పెళ్లి చీరలకు వచ్చారు. చెన్నకేశవ, ఆయన భార్య, ఇద్దరు ముసలమ్మలు. మధ్యలో మేఘన. శ్రావణం పోకముందే, ఇరవయ్యో తేదీన ఆ పిల్లకు పెళ్లి, వాళ్లు చూసిన సంబంధం. రాకూడదని దండం పెట్టుకున్నాను. మా షాపుకే వచ్చారు. చెన్నకేశవ మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, మీ ఇంటి మేలు మరువమన్నాడు. మా ఆయన కూల్‌డ్రింకులు తెప్పించాడు. నన్ను చీరలు పరవమన్నాడు.

పరిచాను. ఏది చూపించినా ఆ పిల్ల తల ఊపింది. ఆడవాళ్లు జరీ వెలుతురులో చూసుకోడానికి గుమ్మం దగ్గరికి వెళ్లినప్పుడు నా ఎదుట మేఘన ఒక్కతే ఉంది. ఒక అంచు పట్టుకుని, తల ఎత్తకుండా అడిగింది.

"నా నల్లబ్యాగు ఆడే ఉండాదా మేడమ్? దాంట్లో నా సర్టిఫికెట్లుండాయి."

అక్కా అనలేదు.

చూసి చెప్తానన్నాను. పవన్ ఏమైనా... అని ఆగిపోయాను.

"ఆయప్ప నంబరు మార్చినాడు. నాకు ఆయప్పతో పనిల్యా. సర్టిఫికెట్లు కావల్ల."

ఆడవాళ్లు తిరిగి వస్తున్నారు. నేను చెప్పాల్సింది ఒకటుంది. ఒకే మాట. నోటి దాకా వచ్చింది. మెరూన్ చీర ఆ పిల్ల భుజం మీద వేసి, "ఈ రంగు నీకు బాగుంటుంది" అన్నాను.

ఆగస్టు 7

బ్యాగు హజరాబీ దగ్గరే ఉంది. ఆ రోజు చీపురు, సబ్బులు వసారాలో పెట్టకముందే దాన్ని తీసి దాచింది. ఇవ్వమన్నాను.

"నీకియ్యను."

ఆ పిల్లకే చేరుస్తానన్నాను. ఒట్టు పెట్టాను.

"నీ చేతికిస్తే అది యాడికి పోతాదో నాకేం తెలుసు. ఆ పిల్ల వస్తే ఆ పిల్ల చేతికిస్తా. ఈడ ఉండాదని చెప్పిరా పో. నీ చేతనైతే అది చెయ్యి."

నేను బాడుగకిచ్చే ఇంటి వసారాలో కూర్చుని బస్సు టైమయ్యేదాకా ఏడ్చాను. ఆమెకు వినబడి ఉంటుంది. రాలేదు.

ఆగస్టు 11, సోమవారం

చీరలకు ఫాల్స్ కుట్టించి, మనిషితో పంపకుండా నేనే పులివెందుల తీసుకెళ్లాను. పెద్ద కస్టమర్లు, మనమే వెళ్తే బాగుంటుందంటే మా ఆయన సంతోషించాడు. చెన్నకేశవ భార్య భోజనం పెట్టింది. తిన్నాను. ఆ ఇంటి అన్నం మజ్జిగ దాకా తిన్నాను.

పొడవు చూడాలని చెప్పి మేఘనకు మెరూన్ చీర కట్టాను. అద్దం ముందు వెనక నిలబడి కుచ్చిళ్లు సర్దుతూ, పెదవులు కదలకుండా చెప్పాను. బ్యాగు హజరాబీ దగ్గరుంది. నీ చేతికే ఇస్తుందట. ఇంకో మాట కూడా చెప్పాను. ఆ రోజు నంబరు చెప్పింది నేనే.

అద్దంలో నా వైపు చూసింది. ఆశ్చర్యపోలేదు. ఆ పిల్లకు ఎప్పుడో తెలుసు.

"ఫాలు రవంత కిందికి కుట్టినారు" అంది, పక్క గదిలోకి వినబడేలా.

ఆగస్టు 14

హజరాబీ ఫోన్. నెల తర్వాత. నిన్న జాకెట్ కొలతలకని టైలర్ దగ్గరికి పోయిన పిల్ల, అట్నుంచి అటే బస్సెక్కి వచ్చిందట.

"వచ్చింది. బ్యాగు తీసుకునింది. ఇంత ఉగ్గాని తినింది. పోయింది."

ఒక్కతేనా అన్నాను. ఒక్కతే అంది.

ఎక్కడికి అని అడిగాను.

"నీకు చెప్పను" అని పెట్టేసింది.

ఆగస్టు 16

చెన్నకేశవ వచ్చాడు. కూర్చోలేదు. పిల్ల యాడికి పోయిందో చెప్పమన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు.

నాకు తెలియదన్నాను.

నమ్మాడు. వెళ్లిపోయాడు.

జూలైలో ఈ మాటే అని ఉంటే, అప్పుడూ నమ్మేవాడు.