తీగల దొంగతనం కాదు

బాలిన్‌కాలిగ్, ఐర్లండ్, మార్చి 2021

పెద్దనాన్నకు ధరణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం బాగున్నాం.

మా పక్కింటి డెక్లన్ మీద అమెరికా ఫెడరల్ కోర్టులో ‘వైర్ ఫ్రాడ్’ కేసు పడిందని ఫోన్‌లో చెబితే, ఆయన కరెంటు తీగలు కోసుకుపోయాడని అమ్మ వాడంతా చెప్పిందట. తీగలు కాదు, ఈమెయిల్‌తో ఎవరినో మోసం చేశాడని అభియోగం. చేశాడో లేదో నాకు తెలియదు. మాకు కరోనా వచ్చినప్పుడు పాలు, బ్రెడ్ తెచ్చి గుమ్మంలో పెట్టింది మాత్రం ఆయనే.

మొన్న పెరటి గోడ మీదుగా అడిగితే, "నేను అమెరికాలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు ధరణీ, నా ఈమెయిల్ అక్కడి సర్వర్ మీదుగా పోయిందంట" అన్నాడు. లాక్‌డౌన్‌లో మేమెవరం ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. ఆయన్ని మాత్రం విచారణకు సముద్రం దాటించమని అమెరికావాళ్లు ఇక్కడి కోర్టును అడుగుతున్నారు.

జనగామ కోర్టులో మీరు చూడని క్రిమినల్ కేసు లేదు కదా. మనిషి పోని చోట నేరం జరిగిందని ఎలా అంటారు? మన చట్టంలో కూడా అంతేనా?

పెద్దమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మీరిద్దరూ టీకా వేయించుకున్నారా? కారం పంపకండి, ఇంకా ఉంది. మా పాప ఆశ్రిత మీ ఇద్దరికీ దండం పెడుతున్నది.

ఈ కార్డు ఏయే దేశాల మీదుగా మీకు చేరుతుందో నాకు తెలియదు. ఇందులో తప్పు రాసి ఉంటే నన్ను ఏ కోర్టు పిలుస్తుందో, అది కూడా రాయండి.

మీ ధరణి