ఇంజనుకు కట్టిన రొట్టెల రేకు

తమ్ముడు హార్లన్‌కు,

పోయిన వారం కార్డులో, నువ్వు నా సైకిలుకు బిగించిన ఇంజను కాలిపోయిందని రాశాను. కాలిపోలేదు, దేవునికి స్తోత్రం. నువ్వు సెలవు పెట్టి టెక్సాస్ బయల్దేరకు.

తప్పు నాదే. నా పొడుగు లంగా ఇంజనుకు తగిలి కాలుతోందని రొట్టెలు కాల్చే పాత రేకును దాని చుట్టూ తీగతో కట్టాను. వృద్ధాశ్రమంలో బట్టలుతికే పనికి వెళ్తుంటే మిట్ట మీద మాడు వాసన వచ్చి ఇంజను ఆగిపోయింది. శనివారం మన చర్చి బ్రదర్ వెండెల్ చూసి పడిపడి నవ్వాడు.

"లోరెట్టమ్మా, దీన్ని వండుదామనుకున్నావా ఏంటి? గాలి తగలకపోతే ఎలా చల్లబడుతుంది?"

"లంగా కాలుతోంది కదా బ్రదర్!"

"అందుకని దీనికీ లంగా కట్టేశావా!"

రేకు విప్పి, ఇంజనును చల్లబరిచే రెక్కల సందుల్లో పేరుకున్న దుమ్మూ గడ్డీ బ్రష్‌తో దులిపాడు. తగ్గిన ఆయిలు పోశాడు. మిట్ట ఎక్కేటప్పుడు పెడల్ తొక్కి ఇంజనుకు సాయం చెయ్యమన్నాడు. సోమవారం ఆశ్రమం దాకా ఐదు మైళ్ళూ ఆగకుండా వెళ్ళాను. సైకిలు ఆగిపోయి పని మానాల్సి వచ్చింది, ఇంకొక్క రోజు మానితే ఉద్యోగం పోయేది.

ఆయిలు మూత వాషరు చిట్లింది, ఒకటి కవరులో పంపు. మరదలు వర్నా మోకాలు ఎలా ఉంది? పీచ్ పండ్ల చెట్టు కాసిందా?

రేకు మళ్ళీ కట్టను. లంగా కాలితే కుట్టుకుంటాను. నువ్వు మూడు నెలలు ప్రతి సాయంత్రం కూర్చుని నా కోసం బిగించిన ఇంజనును కుట్టడం నాకు రాదు. ఆ చేతులను ప్రభువు దీవించాలని రోజూ అడుగుతున్నాను.

నీ అక్క,
లోరెట్టా