ఆఫీసు గొంతు

జూన్ 4
పెద్దమ్మ రిపోర్టు వచ్చింది. బ్రెస్ట్ క్యాన్సర్, స్టేజ్ టూ. నేను ఏడవలేదు. కౌన్సెలర్ని కదా.

జూన్ 9
మా హాస్పిటల్లోనే కీమో. సొంతవాళ్లకి మనం కౌన్సెలింగ్ చేయకూడదని రూల్, అందుకని పెద్దమ్మని మా సీనియర్ మేడమ్ చూస్తారు. మా స్టడీలో కూడా చేరింది. క్యాన్సర్ రోగుల మనసు గురించి ఇక్కడ జరుగుతున్న మొదటి రీసెర్చ్ ఇదే. వారం వారం ఒకటే ప్రశ్న: సున్నా నుంచి పది దాకా, మనసులో బరువు ఎంత?

మా కౌన్సెలింగ్ రూమ్ ఒకప్పటి స్టోర్ రూమ్. ప్లైవుడ్ తలుపు. లోపల తుమ్మితే బయట బెంచీ మీదవాళ్లు ఉలిక్కిపడతారు.

జూన్ 17
కీమో తర్వాత పెద్దమ్మకి ముద్ద దిగలేదు. పక్కన కూర్చుని, ఎలా అనిపిస్తోంది అని అడిగాను. మెల్లగా, తల కొంచెం వంచి. ఆఫీసు గొంతు ఆఫీసులోనే వదిలి రమ్మంది. ముప్ఫై ఏళ్లు స్కూల్లో డ్రిల్ టీచర్‌గా చేసిన మనిషి, వీధి చివరికి వినపడేట్టు చెప్పింది.

పోనీ పదికి ఎంత అన్నాను. రెండట. మొహం చూస్తే తొమ్మిది.

ఒళ్లు మండింది నాకు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈవిడే. నా ఏడుపులన్నీ ఆవిడ చీర కొంగుకి తెలుసు. తన భయం మాత్రం నాకు చెప్పదు.

జూన్ 18
రెండేనట!

జూలై 1
పెద్దమ్మ సెషన్ జరుగుతుంటే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. తప్పే. లేచి కిందికి పోదామనుకునేలోగా లోపల ఇద్దరూ పగలబడి నవ్వారు. నాతో అలా నవ్వి నెల దాటింది. కుళ్లుకున్నాను.

ఏం మాట్లాడుకున్నారని తర్వాత మేడమ్‌ని అడగబోయాను. ఇక్కడి మాట బయటికి పోదని బోర్డు పెట్టించింది నువ్వే కదా అన్నారు.

జూలై 15
పెద్దమ్మ జుట్టు ఊడుతోంది. చిక్కు తీయమని దువ్వెన నా చేతికిచ్చింది. ఇది తాత్కాలికమే, మళ్లీ వస్తుంది అంటూ మొదలుపెట్టాను. నా గొంతు నాకే వినిపించి ఆపేశాను.

వెనక్కి తిరక్కుండానే అడిగింది. మీరు రోగుల్నే అడుగుతారు, సంచి మోసుకుంటూ వెంట వచ్చేవాళ్లని ఎవరూ అడగరేం అని.

దువ్వెనకి చుట్టుకున్న వెంట్రుకలు తీసి, ఇంకో చిక్కు పట్టుకున్నాను.

జూలై 22
వచ్చే నెల నుంచి స్టడీలో ఇంటివాళ్లని కూడా అడుగుతామని మీటింగ్‌లో మేడమ్ చెప్పారు. ఐడియా ఎవరిదో వేరే చెప్పాలా! మొదటి అపాయింట్‌మెంట్ అప్పుడే బుక్ అయిపోయిందట. నాకే. చేయించింది పెద్దమ్మ.

ఇంటికొచ్చి దెబ్బలాడాను. ఆవేళ నవ్విన నవ్వు కూడా నా మీదేనట, నా గొంతు అనుకరించి చూపించిందట. మరి నీ భయం నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. చెబుదామనే చూశాను, ఇంట్లో కౌన్సెలర్ ఒక్కతే కనబడింది, మా పిల్ల ఎటు పోయిందో తెలియలేదు అంది.

ఆగస్టు 5
రోగి కుర్చీలో కూర్చున్నాను. అక్కణ్ణుంచి గడియారం కనబడదు. పదికి ఎంత అని మేడమ్ అడిగారు. రెండు అన్నాను.

అబద్ధం అని బెంచీ మీద నుంచి డ్రిల్ టీచర్ అరిచింది.

అప్పుడొచ్చింది ఏడుపు, జూన్ 4 నాటిది.